గుర్తు గీయించే ముందు గల్లా లెక్క చూడండి

వనపర్తి దగ్గర కట్టె గానుగ నడిపే ఒక యువకుడు కిందటి శ్రావణంలో మా దుకాణానికి వచ్చాడు. చేతిలో అర లీటరు నూనె సీసా, దానికి అంటించిన ఎర్ర కాగితం. "అన్నా, దీనికి మంచి లోగో ఒకటి వేసిపెట్టు, వ్యాపారం పెంచాలి" అన్నాడు. "ఎంత పెంచాలి తమ్ముడూ? ఎవరికి అమ్మి పెంచుతావు?" అని అడిగాను. సీసా వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా సంచుల మీద, పొట్లాల మీద, దుకాణాల బోర్డుల మీద బొమ్మలూ అక్షరాలూ వేయించే పని చేస్తున్నాను. వచ్చేవాళ్లు రంగు గురించి, పక్క మిల్లువాళ్ల సంచి గురించి గంటలు మాట్లాడతారు. తమ వ్యాపారం ఏ దిక్కుకు ఎదగాలో మాత్రం అడిగితే తప్ప చెప్పరు. ఆ దిక్కు తెలియకుండా నేనైనా, ఎంత పెద్ద డిజైనర్ అయినా గీసేది అలంకారమే అవుతుంది. అందుకే ఈ పని ఏ వరుసలో చేసుకోవాలో రాస్తున్నాను. నూనె, బియ్యం, పచ్చళ్లు, చీరలు, పాలు, ఏది అమ్మేవారికైనా ఇదే వరుస.

మొదటి పని: ఎదుగుదలను ఒక్క వాక్యంలో రాయండి

కాగితం తీసుకుని మూడు నెలల గల్లా లెక్క ముందు పెట్టుకోండి. ఎవరు కొంటున్నారు, ఎంత కొంటున్నారు, తిరిగి ఎన్నాళ్లకు వస్తున్నారు అన్నవి రాయండి. వనపర్తి తమ్ముడి లెక్క ఇలా తేలింది. నెలకు 1,200 లీటర్ల అమ్మకం. అందులో 900 లీటర్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సొంత డబ్బాలు తెచ్చుకుని పట్టించుకుపోయేది. మిగిలిన 300 లీటర్లే సీసాల్లో కిరాణా దుకాణాలకు వెళ్తోంది. అంటే ముప్పావు వంతు వ్యాపారానికి లేబుల్ అవసరమే లేదు. వాళ్లు గానుగను చూశారు, గింజలు పోయడం చూశారు, అతని తండ్రిని ఎరుగుదురు. ఊళ్లో మనిషిని చూసి కొంటారు, పట్నంలో అట్టను చూసి కొంటారు. అతను పట్నం వెళ్లాలనుకుంటే ఆ అట్ట అతని తండ్రి చేసిన పని చేయాలి.

ఆ సాయంత్రానికి అతను రాసిన వాక్యం ఇది: "వచ్చే ఉగాది నాటికి వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ వైపు 20 దుకాణాల్లో నెలకు 600 లీటర్లు అమ్మాలి, లీటరుకు ఇప్పటికన్నా 30 రూపాయలు ఎక్కువ రావాలి." ఇందులో చోటు ఉంది, గడువు ఉంది, ఎంత సరుకో ఉంది, ఎంత ధరో ఉంది. మీ వాక్యంలో కూడా ఈ నాలుగూ ఉండాలి. "పేరు రావాలి", "అందరికీ తెలియాలి" అన్నవి కోరికలు. వాటిని పట్టుకుని బొమ్మ గీయలేము.

ఎదుగుదల ఒక్కో రకానికి డిజైన్ ఒక్కోలా మారుతుంది. ఉన్న చోటే ఎక్కువ అమ్మాలంటే పాత రూపాన్ని కదిలించకుండా కొత్త కొలతలు తీసుకురావాలి, లీటరు సీసా కొనలేని ఇంటికి పావు లీటరు చూపించాలి. ఎక్కువ ధర రావాలంటే ఆ ధరకు కారణం లేబుల్ మీద కనిపించాలి. కొత్త ఊళ్లకు వెళ్లాలంటే మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషికి మూడు క్షణాల్లో సరుకేమిటో అర్థం కావాలి. డీలర్లను పట్టుకోవాలంటే పెట్టె మీద ముద్ర, ధరల పట్టిక, బిల్లు పుస్తకం కూడా ఒకే తీరున ఉండాలి. డీలర్ చూసేది మీరు నిలకడగల మనిషా కాదా అన్నదే. నాలుగూ ఒకేసారి సాధించే లేబుల్ లేదు. ఈ ఏడాదికి ఒకటి ఎంచుకోండి.

రెండో పని: జనం ఇప్పటికే దేన్ని గుర్తుపడుతున్నారో కనుక్కోండి

దీన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. పదేళ్ల కిందట మిర్యాలగూడ వైపు ఒక బియ్యం మిల్లువారు సంచి మార్చమన్నారు. పాత సంచి మీద ఆకుపచ్చ చిలుక ఉండేది. ముక్కు వంకర, రెక్క మీద రంగు బయటికి కారినట్టు ఉండేది. నాకు అది మోటుగా అనిపించింది. చిలుకను తీసేసి సన్నని గీతలతో వరి వెన్ను వేసి, పేరును అందమైన అక్షరాల్లో పెట్టాను. మిల్లువారికీ నచ్చింది. మొదటి లారీ వెళ్లిన వారానికే దుకాణాల నుంచి ఫోన్లు: "చిలుక బియ్యం పంపకుండా ఇవేవో పంపారు, మావాళ్లు తీసుకోవడం లేదు." లోపల ఉన్నది అదే బియ్యం. కొనేవాళ్లలో చాలామంది పెద్దవయసు ఆడవాళ్లు. వాళ్లు సంచి మీద పేరు ఎన్నడూ చదవలేదు, చిలుకనే అడిగేవారు. రెండు నెలల్లో చిలుకను తిరిగి తెచ్చాము. ఈసారి ముక్కు సరిచేశాను, రంగు కారకుండా చూశాను, పరిమాణం, కూర్చున్న తీరు, తల తిప్పిన వైపు అలాగే ఉంచాను.

మన దగ్గర బ్రాండు అన్న మాట రాకముందే "గుర్తు", "మార్కు" ఉన్నాయి. అమ్మలక్కలు కొట్టుకు వెళ్లి బొమ్మ పేరుతోనే సరుకు అడుగుతారు. కాబట్టి డిజైనర్ దగ్గరకు వెళ్లే ముందు మీ సరుకు అమ్మే పది దుకాణాలు తిరగండి. "దీన్ని ఏమని అడుగుతారు?" అని కొట్టు యజమానిని అడగండి. "ఎర్ర మూత నూనె" అంటే ఆ ఎర్ర మూత మీ ఆస్తి. "ఫలానా ఊరి పచ్చడి" అంటే ఊరి పేరే ఆస్తి. ఆ పది జవాబుల్లో ఎక్కువగా వచ్చినదాన్ని కొత్త రూపంలో ముట్టుకోకండి. మిగిలినవన్నీ మార్చవచ్చు. ఎవరూ దేన్నీ చెప్పలేకపోతే మీకు కోల్పోయేది లేదు, ధైర్యంగా కొత్తగా మొదలుపెట్టండి.

మూడో పని: పేరు

నల్గొండ వైపు యాదగిరిగుట్ట, మట్టపల్లి నరసింహస్వామి, మన వైపు కురుమూర్తి, మన్యంకొండ స్వాములు, అలంపురంలో జోగులాంబ అమ్మవారు. ఇంటి దైవం పేరు పెట్టుకోవడం మనకు ఆనవాయితీ, ఆ భక్తిని నేను కాదనను. దుకాణానికి, సంస్థకు ఆ పేరు ఉంచుకోండి. ఊరు దాటే సరుకుకు మాత్రం విడిగా మరో పేరు పెట్టండి. ఒకే మార్కెట్లో నాలుగు లక్ష్మీనరసింహలు ఉన్నచోట మీ సరుకును మీదిగా అడగడం ఎవరికీ సాధ్యం కాదు, చట్టపరంగా కాపాడుకోవడమూ కష్టం. దేవుడి బొమ్మ పౌచ్ మీద వేయించవద్దని కూడా నేను గట్టిగా చెబుతాను. ఖాళీ అయిన పౌచ్ చెత్తలోకే వెళ్తుంది. స్వామి ముఖం ఉన్న కవరును చెత్తబుట్టలో వేయడానికి చేయి రాక, అసలు కొనడమే మానేసిన ఇల్లాళ్లు నాకు తెలుసు.

పేరు పెట్టేటప్పుడు రాబోయే అయిదేళ్లు ఆలోచించండి. ఈరోజు పల్లీ నూనె అమ్ముతున్నారని పేరులోనే పల్లీ పెడితే, రేపు నువ్వుల నూనె, కుసుమ నూనె తీసినప్పుడు ఆ పేరు అడ్డం వస్తుంది. సరుకు పేరు వేరుగా, మీ పేరు వేరుగా ఉండాలి. ఒక ఇంటి పేరు కింద అన్నదమ్ములు ఉన్నట్టు పైన ఒకే గుర్తు, కింద సరుకు పేరు మారుతూ ఉండాలి.

సరుకు పేరు దగ్గర మరో సంగతి. నల్గొండ, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లో "పల్లీ నూనె" అంటేనే మనదనిపిస్తుంది. మీ ఎదుగుదల దారి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా కోదాడ దాటి విజయవాడ వైపు అయితే అక్కడ అది "వేరుశనగ నూనె". లేబుల్ మీద ఏ మాట పెద్దగా ఉండాలో మీరు మొదట రాసుకున్న వాక్యమే చెబుతుంది.

పేరు ఖాయం కాగానే, బొమ్మకన్నా ముందే, ట్రేడ్‌మార్క్ సంగతి, అంటే ఆ పేరును చట్టపరంగా మీదిగా నమోదు చేయించుకునే సంగతి చూడండి. అదే పేరు ముందే ఎవరికైనా ఉందేమో కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా వెతకవచ్చు. సరుకులను, సేవలను మొత్తం 45 తరగతులుగా విభజించారు. వంట నూనెలు, పాల పదార్థాలు 29వ తరగతిలో, బియ్యం, పిండి, మసాలాలు 30వ తరగతిలో వస్తాయి. నూనెకు తీసుకున్న నమోదు దానంతట అదే మసాలాలకు వర్తించదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. వృత్తంలో "ఆర్" గుర్తును నమోదు పూర్తయ్యాకే వేయాలి. అంతకుముందు "టీఎం" అని వేసుకోవచ్చు. ఊరి పేరూ సరుకు పేరూ కలిపి "నల్గొండ బత్తాయి" లాంటిది పెట్టుకుంటే అది మీ ఒక్కరికే దక్కుతుందని ఆశపడకండి. సరుకునూ స్థలాన్నీ తెలిపే మాటలు అందరివీ.

డిజైనర్‌కు ఏమి చెప్పాలి

ఒక్క పేజీ చాలు. పైన మీరు రాసుకున్న ఎదుగుదల వాక్యం. దాని కింద కొనే మనిషి గురించి నాలుగు మాటలు: వయసు, ఎక్కడ కొంటారు, ఇప్పుడు ఎవరి సరుకు కొంటున్నారు, మీది కొనకపోవడానికి కారణం ఏమిటి. తర్వాత ముట్టుకోకూడనివి, అంటే చిలుక లాంటివి. చివరగా ఖర్చు ఎంతవరకు, ఎన్ని లేబుళ్లు, దేని మీద అచ్చు వేయిస్తారు అన్నది. "నీలం వేయి, బంగారు రంగు వేయి" అని మీరు చెప్పకండి. మీ కష్టం చెప్పండి, రంగు సంగతి అతను చూసుకుంటాడు.

వనపర్తి తమ్ముడి పేజీలో "కొనకపోవడానికి కారణం" దగ్గర ఒక మంచి సంగతి బయటపడింది. గానుగ నూనెలో అడుగున కొంచెం మడ్డి దిగుతుంది. ఊళ్లో దాన్ని నాణ్యతకు ఆనవాలుగా చూస్తారు. హైదరాబాద్‌లో ఒకరిద్దరు దుకాణదారులు కల్తీ అనుకుని సీసాలు వెనక్కి పంపారు. అయితే కొత్త లేబుల్ చేయాల్సిన మొదటి పని ఏమిటి? ఆ మడ్డి గురించి సూటిగా చెప్పడం. ముందు వైపు గానుగ బొమ్మ, పక్కన "వడపోయని నూనె, అడుగున మడ్డి సహజం" అన్న ఒక్క వరుస వేశాము. అతను కోరిన 30 రూపాయల అదనపు ధరకు మద్దతు ఇచ్చేది ఆ వరుసే. సీసా గాజులోంచి మడ్డి కనిపించేలా లేబుల్‌ను రెండు వేళ్లు పైకి జరిపాము. దాచితే అనుమానం, చూపిస్తే నమ్మకం.

అక్షరాల దగ్గర ఆగండి

మన లిపి గుండ్రన. కింద వత్తులు, పైన తలకట్టు, గుడి, ఏత్వం, ఓత్వం. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయిన జాగా తెలుగుకు చాలదు. అయినా చాలామంది డిజైనర్లు ముందు ఇంగ్లిషులో లేబుల్ గీసి, చివర్లో మిగిలిన సందులో తెలుగును ఇరికిస్తారు. మీ కొనుగోలుదారులు తెలుగు చదివేవాళ్లయితే తెలుగుతోనే మొదలుపెట్టమనండి.

"పల్లీ" అన్న మాటను అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయించి చేయి చాచినంత దూరంలో పట్టుకోండి. ల కింద ల వత్తు విడిగా కనిపిస్తోందా? గుడి దీర్ఘం తోక పై వరుసకు తగులుతోందా? "కట్టె" కింది ట వత్తు మధ్యలోని సందు పూడిపోయి నల్లటి చుక్క అయిందా? అయితే అక్షరం సైజు పెంచండి, లేదా వరుసల మధ్య దూరం పెంచండి. నేత సంచి మీద అచ్చు వేసేటప్పుడు సిరా కొంచెం పాకుతుంది. కంప్యూటర్ తెర మీద శుభ్రంగా కనిపించిన సన్నని సందు సంచి మీద మూసుకుపోతుంది. సన్నని గీతల అక్షరాలు పెళ్లి పత్రికకు బాగుంటాయి, 26 కిలోల సంచికి పనికిరావు.

"స్వచ్ఛమైన" అన్న మాటను లేబుళ్ల మీద తప్పుగా "స్వచ్చమైన" అని వేస్తూనే ఉన్నారు. నాణ్యత గురించి చెప్పే మాటలోనే తప్పు ఉంటే చదివేవాడికి ఏమనిపిస్తుంది? అచ్చుకు పోయే ముందు ఊళ్లో తెలుగు మాస్టారుకు ఒకసారి చూపించండి. అరగంట పని.

ఫాంటు సంగతి కూడా అడగండి. డీటీపీ దుకాణాల్లో వాడే పాత "అను" ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే పద్ధతిలోవి కావు. వాటిలో టైపు చేసినదాన్ని నేరుగా వాట్సాప్‌లోకి, వెబ్‌సైటులోకి తెస్తే పిచ్చి గీతలు వస్తాయి. మీ అమ్మకం ఫోన్లలోకి కూడా వెళ్లాలంటే యూనికోడ్ ఫాంటు ఎంచుకోండి. మండలి, రామభద్ర, మల్లన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకునే అనుమతి కూడా ఉంది. సంచి మీద, బోర్డు మీద, వాట్సాప్ బొమ్మలో ఒకే అక్షరం ఉంటే రెండో చోట చూసినవాడికి మొదటిది గుర్తొస్తుంది. వాట్సాప్‌లో మన బొమ్మ గుండ్రంగా కత్తిరించబడుతుందని మరచిపోకండి. నాలుగు మూలల్లో ఏమి ఉన్నా పోతుంది. అక్కడ పేరంతా పెట్టాలని చూడకుండా గుర్తు ఒక్కటే పెట్టండి.

అచ్చు, చట్టం

పెద్ద ఎత్తున ప్లాస్టిక్ పౌచ్‌లు అచ్చు వేసే గ్రావ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. ఆరు రంగులంటే ఆరు సిలిండర్లు, డిజైన్‌లో మార్పు వస్తే ఆ సిలిండర్ మళ్లీ చెక్కించాలి. అందువల్ల కొత్త మార్కెట్‌కు వెళ్తున్నప్పుడు మొదటే పౌచ్ అచ్చు వేయించవద్దు. సాదా సీసా లేదా సాదా పౌచ్ మీద స్టిక్కర్‌తో మూడు నెలలు అమ్మండి. జనం ఏమంటున్నారో తెలిశాక లేబుల్ దిద్దుకుని, అప్పుడు సిలిండర్‌కు డబ్బు పెట్టండి. రంగులు మూడింటికి కుదిస్తే మీ చేతిలో ఆ మేరకు పెట్టుబడి మిగులుతుంది. చూపుకూ అదే మేలు.

చట్టం కోరేవాటికి జాగా మొదటే వదలండి. చివర్లో అతికిస్తే డిజైన్ అంతా చెడుతుంది. తినే సరుకు అయితే ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, తయారీదారు చిరునామా, నికర పరిమాణం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారైన లేదా ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. ఈ వివరాలు తెలుగులో మాత్రమే వేస్తే చాలదు. ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం ఇంగ్లిషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. తేదీ, బ్యాచ్, ధర ప్రతిసారీ మారతాయి కాబట్టి వాటికి లేత రంగు ఖాళీ డబ్బా ఒకటి వదలండి. ముదురు రంగు మీద ఆ నల్ల అంకెలు కనిపించవు. వంట నూనె మీద "కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది" లాంటి గొప్పలు రాయడం నిషేధం. లీటరు పల్లీ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు అంటే కిలో అనుకునేవాళ్లు చాలామంది, అందుకే రెండు కొలతలూ స్పష్టంగా వేయండి, తగాదా ఉండదు.

సంచి కొలత కూడా వ్యాపార నిర్ణయమే. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోల సంచులకు మారాయి. పాత సంచుల మీద 25 అంకెను భారీగా డిజైన్‌లో కలిపేసినవాళ్లు మొత్తం మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది. బరువు అంకెను గుర్తుకు దూరంగా, విడిగా మార్చుకోగలిగే చోట పెట్టండి.

రోడ్డు మీది బోర్డు

జడ్చర్ల, పెబ్బేరు, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ లాంటి చోట్ల రహదారి పక్కన దుకాణం ఉంటే ఈ లెక్క చేయండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. చదివి, ఆగాలనుకుని, బ్రేకు వేయడానికి నాలుగు సెకన్లైనా కావాలి. అంటే దాదాపు 90 మీటర్ల దూరం నుంచే చదవగలగాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు రాసేవాళ్ల పాత కొలత. ఆ ప్రకారం ఇక్కడ అక్షరం రెండున్నర అడుగులు ఉండాలి. వత్తులు దాని కింద వేరే. ఆ కొలతలో ఒకే మాట పడుతుంది, మహా అయితే రెండు. "సజ్జ రొట్టె", "గానుగ నూనె" అన్నంత చాలు. యజమాని ఫోటో, ఫోను నంబర్లు, పండుగ శుభాకాంక్షలు లోపలి గోడకు పెట్టుకోండి.

చేనేతవారికి ఒక మాట

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక వైపు చీరలు నేసేవారికి, అమ్మేవారికి పై సూత్రాల్లో ఒకటి తిరగబడుతుంది. అక్కడ సరుకే డిజైన్. చీర అంచును మించి మెరిసే పెట్టె, పెద్ద లోగో చీరను చిన్నబుచ్చుతాయి. నూలు ఒడలు (చీర నడిమి భాగం), పట్టు అంచు మగ్గం మీదే ఒకదానితో ఒకటి కలిపి నేసిన గద్వాల చీర గురించి చిన్న చీటీ మీద ఆ సంగతే రాయండి: ఒడలు ఏ నూలు, అంచు ఏ పట్టు, ఎన్ని రోజులు నేశారు. మరమగ్గం చీర రాయలేని మాటలు అవి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే జీఐ గుర్తు) 2005లోనే వచ్చింది, గద్వాల, నారాయణపేట చీరలకూ ఉంది. ఆ గుర్తును వాడాలంటే అధీకృత వినియోగదారుగా మీరు విడిగా నమోదు కావాలి, ఊరివారైనంత మాత్రాన సరిపోదు. హ్యాండ్లూమ్ మార్కు, పట్టుకు సిల్క్ మార్కు కూడా ఉంటే దూరాన కూర్చుని ఫోనులో చూసే మనిషికి ధర మీద అనుమానం తగ్గుతుంది. ఫోటో పగటి వెలుతురులో, అంచుకూ ఒడలికీ మధ్య కలయిక దగ్గరగా కనిపించేలా తీయండి. ఆ ఫోటోకు పెట్టే ఖర్చు పెట్టెకు పెట్టే ఖర్చుకన్నా ఎక్కువ ఫలం ఇస్తుంది.

పెట్టిన డబ్బు వస్తోందా

డిజైన్‌కు 20,000, మొదటి విడత లేబుళ్లకు 15,000, దుకాణాల్లో పెట్టే అట్టలకు, ఫోటోలకు 10,000 అనుకుందాం. మొత్తం 45,000. లీటరుకు మీకు మిగిలేది 45 రూపాయలైతే, అదనంగా 1,000 లీటర్లు అమ్మితే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. నెలకు 200 లీటర్లు పెరిగితే అయిదు నెలలు. డిజైన్ చేయించే ముందే ఈ లెక్క వేయండి. అయిదేళ్లు పడుతుందని తేలితే అంత ఖర్చు ఇప్పుడు వద్దు, స్టిక్కర్ మార్చుకుని ఆగండి.

పరీక్ష కూడా తేలికే. ఒకే రకం ఆరు దుకాణాలు తీసుకోండి. మూడింటిలో పాత లేబుల్, మూడింటిలో కొత్తది నాలుగు వారాలు ఉంచండి. ధర మార్చకండి, రాయితీ ఇవ్వకండి. బతుకమ్మ, దసరా వారాల్లో పెట్టకండి, అప్పుడు ఏదైనా అమ్ముడుపోతుంది. వారం వారం ఎన్ని సీసాలు పెట్టాము, ఎన్ని మిగిలాయి రాసుకోండి. మొదటి వారం అమ్మకాన్ని చూసి పొంగిపోవద్దు, అది కొత్త మోజు. మూడో వారంలో దుకాణదారు తనంతట తాను మళ్లీ అడిగాడా అన్నది చూడండి.

కాగితాలు, ఫైళ్లు

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు డిజైనర్ నుంచి అసలు ఫైలు తీసుకోండి. ఫోటో రూపంలో ఇచ్చింది చాలదు. కోరెల్‌డ్రాలో గానీ మరోదానిలో గానీ ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైలు కావాలి, రంగుల అంకెలు రాసి ఉండాలి. హక్కుల కాగితం కూడా రాయించుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "పూర్తి కాలానికి, ప్రపంచమంతటా" అన్న మాటలు ఆ కాగితంలో ఉండేలా చూసుకోండి. డబ్బు ఇచ్చాను కాబట్టి బొమ్మ నాదే అనుకుని తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

అచ్చు అయిన మొదటి విడతలోంచి మీకు నచ్చిన ఒక లేబుల్ తీసి, వెనక తేదీ వేసి సంతకం చేసి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. తర్వాతి ప్రతి విడతనూ దాని పక్కన పెట్టి, ట్యూబ్‌లైటు కింద కాకుండా వాకిట్లో పగటి వెలుగులో పోల్చండి. మూడో విడతకు వనపర్తి తమ్ముడి గానుగ బొమ్మ ఎర్రమట్టి రంగు నుంచి ఇటుక రంగులోకి జారింది. బీరువాలోని లేబుల్ పక్కన పెట్టి చూసినప్పుడు తప్ప అతను పట్టుకోలేకపోయాడు, అచ్చువాళ్లు మళ్లీ వేసిచ్చారు.